కాగడా మనిషి ఆగిన చోటు

మా ఇంట్లో నాకు జరిగిన అన్యాయాలను ముందుగా వరుసలో పెడుతున్నాను. ఇంగ్లీషు తేదీలు రాయడం లేదు. ఈ వ్యవహారమంతా తిథుల మీదా, ఎండల మీదా, వానల మీదా నడిచింది కనుక నేనూ అలాగే నమోదు చేసుకున్నాను.

అన్నయ్య పోయిన మరుసటి ఏడు, ఆషాఢ బహుళ తదియ. మొదటి సంవత్సరీకం. కంప్యూటరు తెర మీద, అన్నయ్య ఆడిన ఆటలో, కాగడా పట్టుకున్న మనిషి బావి పక్కన, ఎడమవైపు తిరిగి నిలబడి ఉండాలి. అన్నయ్య అతణ్ణి అక్కడే ఆపి వెళ్ళాడు. ఆ రోజు అతడు మెట్ల కింద, కుడివైపు తిరిగి ఉన్నాడు. ఎవరు కదిపారని ఇంటిల్లిపాదినీ అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు.

అదే ఏడు, కార్తీకం మొదలు. అమ్మ వాకిట్లో ముగ్గును మూయకుండా వదిలేయసాగింది. ఎందుకని అడిగాను. సరైన జవాబు రాలేదు.

ఆ తరువాతి ఎండాకాలాలు, ఒంటిపూట బడుల రోజులు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ తల తడిగా ఉండేది. శుక్రవారం కాదు, పండుగ కాదు, ఇంట్లో పురుడూ మైలా ఏవీ లేవు. అడిగితే, "ఉక్కపోతగా ఉందే" అన్నది. బెజవాడ ఎండలు ఎరిగిన ఎవరైనా నమ్మే మాట. నేనూ నమ్మాను. అది అబద్ధం.

నా పెళ్ళైన రెండో ఏడు, మాఘం. నేను బందరులో అత్తవారింట్లో ఉండగా, నాకు కబురైనా పంపకుండా ఆ కంప్యూటరును పాత సామాన్లవాడికి ఇచ్చేశారు.

మొన్నటి భాద్రపదం, వినాయక చవితి మర్నాడు. పై వాటన్నిటికీ కారణం ఒకటేనని తెలిసింది. తెలిసింది కూడా నా చెల్లెలి నోటి నుంచి కాదు, దాని కూతురి నోటి నుంచి.

ఆ రోజు నేను పటమటలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. పూజ పత్రి వాడిపోయి ఇల్లంతా మాచిపత్రి వాసన పట్టి ఉంది. చెల్లెలు వంటింట్లో మిగిలిన ఉండ్రాళ్ళకు తాలింపు వేస్తోంది. నేను హాల్లో కూర్చుని పాలవెల్లికి కట్టిన వెలక్కాయలూ మొక్కజొన్న పొత్తులూ విప్పుతున్నాను. పక్కగదిలో చెల్లెలి కూతురు ల్యాప్‌టాప్ ముందు ఉంది.

అప్పుడు ఆ శబ్దం వినిపించింది. ఇనుప తలుపు పైకి లేచే శబ్దం. నిజానికి అది తలుపు శబ్దంలా ఉండదు. సైకిలు చక్రం ఊచల మధ్య అట్టముక్క పెట్టి తిప్పితే వచ్చే టకటకలా ఉంటుంది. చివర ఒక చిన్న కీచు. ఇంకే తలుపూ అలా లేవదు. నా చేతిలో వెలక్కాయ అలాగే ఉండిపోయింది.

"ఆ ఆట ఎక్కడిదే?" అని అడిగాను.

"పాత ఆటలన్నీ ఇప్పుడు ఊరికే దొరుకుతున్నయ్ పెద్దమ్మా. ఇది మీ ఇంట్లో ఉండేదంట కదా! అమ్మమ్మ ఆడేదంట!"

"ఏ అమ్మమ్మ?"

"నాకెంతమంది అమ్మమ్మలున్నారు పెద్దమ్మా?" అని నవ్వింది ఆ పిల్ల.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

చెల్లెలి కూతురు తరువాత ఇంకొక మాట కూడా అన్నది. దాన్ని దాని చోట రాస్తాను. ముందు ఆ కంప్యూటరు మా ఇంటికి వచ్చిన సంగతి రాయాలి. లేకపోతే నా ఫిర్యాదు ఎవరికీ అర్థం కాదు.

మా నాన్నగారు వన్ టౌన్‌లో ఎండుమిరపకాయల హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. ఆయన బట్టలు ఉతికిన నీళ్ళు కూడా ఘాటుగా ఉండేవి. కొట్లో కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు పాతదాన్ని షావుకారు నాన్నగారికి ఇచ్చేశాడు. పాలిటెక్నిక్ చదువుతున్న అన్నయ్య కోసం నాన్నగారు దాన్ని అడిగి తీసుకున్నారు. తొక్కుడు రిక్షాలో, బొంతలో చుట్టి, పైన గోనెసంచి కప్పి, పసిబిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మేం అప్పుడు పటమటలోనే, ఒక లోతట్టు సందులో, కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం.

ముందుగదిలో బల్ల మీద పెట్టారు. నాన్నమ్మ తెరకు పసుపు రాసి బొట్టు పెట్టింది. అన్నయ్య మీట నొక్కాడు. లోపల ఫ్యాను గుర్రుమని తిరిగింది. ఆ వెంటనే దాని వెనక నుంచి, ఏళ్ళ తరబడి మిరప బస్తాల మధ్య పీల్చుకున్న దుమ్మంతా ఒక్కసారి వదిలింది. ముందు అన్నయ్య తుమ్మాడు. తరువాత చెల్లెలు, నేను, అమ్మ. చివరికి, ఆ ఘాటుకు అలవాటుపడిన నాన్నగారు కూడా తుమ్మారు.

"ఆపండ్రా! మొదలెడతానే తుమ్మా? కూర్చోండి. అందరూ కూర్చుని మంచినీళ్ళు తాగండి," అన్నది నాన్నమ్మ.

"ఇది రోజూ తుమ్మించుద్ది నాన్నమ్మా. రోజూ కూర్చోమంటే నేనెప్పుడు నేర్చుకునేది?"

"అయితే రోజూ కూర్చోండి. మీకేం పన్లున్నయ్ గనక?"

వారం రోజులు నిజంగానే కూర్చున్నాం. తరువాత నాన్నమ్మే విసిగి, యంత్రం తెప్పించే తుమ్ము తుమ్ము కిందికి రాదని తీర్మానించింది. మా ఇంట్లో ఆమె తీర్మానానికి తిరుగుండేది కాదు.

ఆ తెరకు రంగులు లేవు. నలుపూ తెలుపూ, మధ్యలో బూడిద. అన్నయ్య కంప్యూటరు సెంటరుకు వెళ్ళేవాడు. అక్కడ ఏసీ గది బయట చెప్పులు విప్పాలి కనుక, ఏ పూట ఎంతమంది లోపల ఉన్నారో మెట్ల మీది చెప్పులను బట్టి తెలిసేది. అక్కడి స్నేహితుడి దగ్గర ఫ్లాపీల్లో ఒక ఆట ఎక్కించుకుని, ఎండ తగలకుండా చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. ఒక పాడుబడిన కోట. దాని అడుగున దారి తప్పిన ఒక మనిషి. చేతిలో కాగడా. అతడు గదులు దాటి, మెట్లు ఎక్కి, తలుపులు లేపుకుంటూ, గోతుల్లో పడకుండా పైకి పోవాలి. ఎక్కడైనా ఆపుకోవచ్చు. ఆపిన చోటును యంత్రం తన కడుపులో దాచుకుని, మళ్ళీ ఎప్పుడు తెరిచినా అతణ్ణి అక్కడే చూపించేది.

అమ్మ కింద కూర్చుని గోంగూర ఒలుస్తూ ఆ ఆట చూసేది.

"వాడెవడ్రా, ఎప్పుడు చూసినా తిరుగుతానే ఉంటాడు?"

"కోటలో ఇరుక్కుపోయాడమ్మా."

"ఏం తప్పు చేశాడు?"

"ఏం చెయ్యలా. దారి తప్పాడంతే."

"మరి అన్నం ఎవరు పెడతారు?"

"దారిలో రొట్టెలు దొరుకుతయ్."

"రొట్టె తిని ఎన్నాళ్ళుంటాడ్రా? పైకెళ్తే ఏముంది?"

"ఆకాశం కనపడుద్దంట. ఇంకా ఎవరూ చూళ్ళేదు, మా వాళ్ళల్లో."

మీటలు ముట్టకుండా కాసేపు వదిలేస్తే, ఆ మనిషి కాగడా దించి, అటూ ఇటూ చూసి, నెమ్మదిగా ముఖం మా వైపు తిప్పేవాడు. రెప్ప వేసేవాడు. ఆ ముఖంలో కళ్ళు రెండు చుక్కలే. అయినా మనల్నే చూస్తున్నట్టు ఉండేది. అలా తిరిగినప్పుడల్లా అమ్మ పైట సర్దుకుని గోంగూర చేటతో పక్కకు జరిగేది.

"మననే చూస్తన్నాడే," అనేది మాతో, గొంతు తగ్గించి.

అన్నయ్య లేనప్పుడు చెల్లెలూ నేనూ దొంగతనంగా ఆడేవాళ్ళం. అన్నయ్యకు ఒక పద్ధతి ఉండేది. ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా తెర వెనక అరచెయ్యి పెట్టి చూసేవాడు. వెచ్చగా ఉంటే మా వీపులు విమానం మోగేవి. ఒకసారి అతని సైకిలు బెల్లు విని చెల్లెలు గబగబా తడిగుడ్డ తెచ్చి తెర వెనక వేసింది. అన్నయ్య దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంటే, దీనికి జొరమొచ్చిందా? నుదుటి మీద తడిగుడ్డ వేశారు?"

ఆ మాట మా ఇంట్లో చాలాకాలం నడిచింది. ఎవరు ఏ తప్పు కప్పిపుచ్చినా, "తడిగుడ్డ వేశారా?" అని అడిగేవాళ్ళం. అన్నయ్య పోయాక ఆ మాట ఎవరూ అనలేదు.

ఆ ఎండాకాలం చివర అతనికి పచ్చకామెర్లు వచ్చాయి. డాక్టరుకు చూపించారు. కంకిపాడు అవతల ఒక ఊరికి తీసుకెళ్ళి కంట్లో పసరు పోయించారు. ఉప్పూ నూనే లేని చప్పిడి పథ్యం పెట్టారు. మజ్జిగన్నం, చెరుకురసం. సాయంత్రం సందు మొగలో బండి మీద పునుగులు వేగే వాసన వస్తే అతడు లేచి కిటికీ మూసి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చునేవాడు.

పగటి వెలుతురులో అతని కళ్ళు పసుపు ముద్దల్లా ఉండేవి. గది చీకటిగా చేసి తెర వెలిగిస్తే, ఆ తెల్లటి వెలుగులో అతని ముఖానికి ఏ రంగూ ఉండేది కాదు. మామూలుగా ఉండేది. అమ్మ ఆ సమయానికి వచ్చి, అతని పక్కన నిలబడి, తెరను కాక అతణ్ణే చూసేది.

"ఇక్కడ కూర్చుంటే బాగానే ఉన్నాడు," అన్నది ఒకసారి నాన్నగారితో. "చూడండి, బాగానే ఉన్నాడు."

ఆషాఢంలో ఒక ఉదయం, ముసురు పట్టి ఉంది. ఆసుపత్రిలో చేర్చాలన్నారు. ఆటో సందులోకి వచ్చి హారన్ కొడుతోంది. నాన్నగారు ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఉన్నారు. అన్నయ్య గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, కుర్చీలో కూర్చున్నాడు. కాగడా మనిషి బావి పక్కన ఎడమవైపు తిరిగి ఉన్నాడు. అన్నయ్య అతణ్ణి అక్కడే ఆపి, దాచి, తెర మీద అమ్మ కుట్టిన పూల గుడ్డ కప్పాడు.

"ఎవరూ ముట్టుకోమాకండి," అన్నాడు. "నేనొచ్చి పైకెక్కిస్తా."

ఈ రెండు వాక్యాలూ యథాతథంగా రాశాను. ఒక్క అక్షరం తేడా లేదు. దయచేసి గుర్తుంచుకోవాలి.

అతడు రాలేదు.

పెద్దకర్మ రోజున విస్తట్లో అతనికి ఇష్టమైనవన్నీ పెట్టారు. రొయ్యల వేపుడు, ఉలవచారు, మీగడ పెరుగు, మినప సున్నుండలు, నెల రోజులుగా ముట్టనివ్వని పునుగులు. పక్కన కొత్త చొక్కా మడత. అమ్మ ఆ ఆకును చాలాసేపు చూసి, "ఆట పెట్టలేదే," అన్నది.

చుట్టాలు ముఖముఖాలు చూసుకున్నారు. నాన్నగారు లేచి వెళ్ళి కంప్యూటరు మీట నొక్కారు. ఫ్యాను తిరిగింది. మిరప ఘాటు వచ్చింది. అందరం తుమ్మాం. తుమ్ములో ఎవరి కళ్ళలో నీళ్ళు ఎందుకు వచ్చాయో ఎవరూ అడగనక్కర్లేకపోయింది. చెల్లెలు ఆట తెరిచింది. మనిషి బావి పక్కన, ఎడమవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. మీటలు ఎవరూ ముట్టలేదు. కాసేపటికి అతడు కాగడా దించి మా వైపు తిరిగాడు. అమ్మ ఈసారి పక్కకు జరగలేదు.

ఆ తరువాత ప్రతి ఏడూ ఆ తిథికి ఆకు వేయడం, ఆట తెరిచి పెట్టడం మా ఇంటి ఆచారమైంది. కాగడా మనిషిని కదలకుండా అలాగే ఉంచే బాధ్యత నేను తీసుకున్నాను. అన్నయ్య ముట్టుకోవద్దన్నాడు కనుక ఎవరినీ ముట్టనివ్వలేదు. అతడు నిలబడిన చోటును గోడ క్యాలెండరు అంచు మీద రాసి ఉంచాను.

అందుకే మొదటి సంవత్సరీకం నాడు అతడు మెట్ల కింద కనిపించేసరికి అందరినీ నిలదీశాను.

"కరెంటు హెచ్చుతగ్గులకి కదిలుంటాడమ్మా," అన్నారు నాన్నగారు.

"కదిలితే కుడివైపుకి ఎట్టా తిరిగాడు నాన్నా?"

నాన్నమ్మ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "వాడే వచ్చి ఆడుకుంటన్నాడే. ఎవరినీ ఏమీ అనమాక. రానివ్వు."

అమ్మ వడ్డిస్తూ ఉండిపోయింది. చెల్లెలు తల ఎత్తలేదు.

నేను నాన్నమ్మ మాటను మొదట కొట్టిపారేశాను. అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాను. కానీ ఒక ఎండాకాలం మధ్యాహ్నం కాలేజీ నుంచి తొందరగా వచ్చాను. నాన్నమ్మ పక్కవాటాలో ఉంది. స్నానాలగదిలో అమ్మ నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. చెల్లెలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది. ముందుగదిలో ఎవరూ లేరు. పూల గుడ్డ కప్పే ఉంది. కానీ గదిలో మిరప ఘాటు ఉంది. నేను తుమ్మాను. తరువాత, అన్నయ్య చేసినట్టే, తెర వెనక అరచెయ్యి పెట్టి చూశాను.

వెచ్చగా ఉంది.

నేను చెయ్యి తీయలేకపోయాను. ఆ వేడి చల్లారేదాకా అలాగే నిలబడ్డాను. అమ్మ తడితలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి నన్ను చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నేను నమ్మాను. అన్నయ్య వస్తున్నాడు. చెప్పినట్టే వచ్చి, అతణ్ణి పైకెక్కిస్తున్నాడు.

ఆ తరువాత నేను క్యాలెండరు మీద రాసింది ఫిర్యాదు కోసం కాదు. ఒక ఏడు మెట్ల కింద. తరువాత కుండల గదిలో. ఆ పైన ఏనుగు బొమ్మల మండపంలో. ఒక ఏడు కదలనే లేదు. నాన్నమ్మ పోయిన ఏడు అది. తరువాత రెండు అంతస్తులు ఎక్కాడు. పెళ్ళై బందరు వెళ్ళాక, అత్తవారింట్లో చేపల మార్కెట్టు వాసన, కొత్త మనుషులు, పరాయి వంటిల్లు, వీటన్నిటి మధ్యా నాకొక ధైర్యం ఉండేది. ఆషాఢం వస్తే పటమట వెళ్తాను. అన్నయ్య ఎంతవరకు వచ్చాడో చూస్తాను. ఈ మాట నా భర్తకు కూడా చెప్పలేదు.

ఇక ముగ్గు. అమ్మ చుక్కల ముగ్గు వేస్తే సందులోవాళ్ళు సైకిళ్ళు దిగి చూసేవారు. అటువంటి మనిషి, గీతలు వంకరగా తిప్పి, కొన్నిటిని గోడకు కొట్టుకున్నట్టు ఆపేసి, ఒక్క గీతను మాత్రం పైకి తీసుకెళ్ళి, కొస తెరిచి వదిలేసేది.

"ఏంటి పిన్నిగారూ, ముగ్గు మధ్యలో వదిలేశారు?" అనేది ఇంటి ఓనరుగారి భార్య, వీధి గుమ్మం నుంచి. "చుక్క మిగిలితే ఇంటికి మంచిది కాదంటారు. కళ్ళు గానీ కనపట్టం లేదా ఏంటి?"

"కనపడతన్నయ్ అమ్మా. దారుండాలిగా," అనేది అమ్మ.

నేను సిగ్గుపడి, పిండి తీసుకుని ఆ కొసను మూసేదాన్ని. అమ్మ కాలి బొటనవేలితో మళ్ళీ తుడిచేది.

"మూసెయ్యమాకే. నీకు తెలవదు."

పెళ్ళైన రెండో ఏడు ఆషాఢానికి వెళ్తే ముందుగదిలో బల్ల మీద కంప్యూటరు లేదు. కుట్టుమిషన్ ఉంది.

"పాడైపోయిందక్కా. మాఘంలో ఇచ్చేశాం," అన్నది చెల్లెలు, ముఖం పక్కకు తిప్పుకుని.

అమ్మ ఆకు వేసింది. అన్నీ వడ్డించింది. ఆట గురించి ఒక్క మాట ఎత్తలేదు. పెద్దకర్మ నాడు అంతమంది మధ్య దాన్ని అడిగిన మనిషి తనే.

"ఆట ఏదమ్మా?" అన్నాను.

"ఇంక అక్కర్లేదులే," అన్నది అమ్మ.

ఆ ఒక్క మాట. 'నా కొడుకు మీద ఆశ వదులుకున్నాను' అని అమ్మ అంటున్నట్టు వినిపించింది నాకు. ఆ తరువాత రెండేళ్ళు నేను అమ్మతో ముభావంగానే ఉన్నాను. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నగారూ లేరు.

మళ్ళీ చవితి మర్నాటికి వస్తాను. చెల్లెలి కూతురు అన్న రెండో మాట ఇది:

"వీడు గోతిలో పడి చచ్చిపోయినప్పుడల్లా మైలని అమ్మమ్మ తలకి పోసుకొచ్చి మళ్ళీ మొదలెట్టేదంట పెద్దమ్మా! ఒక్కో మధ్యాహ్నం రెండుసార్లు, మూడుసార్లు! అమ్మ చెప్పి చెప్పి నవ్వుద్ది."

నేను నవ్వలేదు. నా కళ్ళ ముందు తడి తల, తువ్వాలు. వెచ్చటి తెర. ముగ్గులో పైకి పోయిన గీత. కాగితం మీద గీయడం రాని అమ్మ, తెల్లవారగానే ఆ కోట దారులను వాకిట్లో గుర్తు చేసుకునేది. గోడకు కొట్టుకుని ఆగిన గీతలు అతడు వెనక్కి తిరిగిన చోట్లు. తెరిచిన కొస అతడు ఇంకా పోవలసిన వైపు. దాన్ని రోజూ పిండితో మూసినదాన్ని నేను.

అన్నయ్య రెండు వాక్యాలు చెప్పాడు. మొదటిది నేను పట్టుకున్నాను. రెండోది అమ్మ పట్టుకుంది. తన కొడుకు ఎక్కిస్తానన్నవాణ్ణి ఆ చీకట్లో వదిలేయడం ఆమెకు చేతకాలేదు.

ఇన్నాళ్ళూ వచ్చింది అన్నయ్య కాదన్నమాట. అంత పెద్దదాన్నయ్యాక, ఆ మధ్యాహ్నం, ఒక పిల్ల నవ్వు మధ్య, అన్నయ్య నాకు మళ్ళీ పోయాడు. దీన్ని ఏ వరుసలో రాయాలో నాకు తెలియలేదు.

చెల్లెలు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు చెంగుకు తుడుచుకుంటోంది. తుడిచినవే మళ్ళీ తుడుచుకుంటోంది.

"అమ్మ ఆడిందా?" అని అడిగాను.

"నేను ఆట తెరిచి పెట్టేదాన్ని. మీటలు అమ్మే నొక్కేది."

"నాకెందుకు చెప్పలేదే?"

"నోరు విప్పి నీకు చెప్పనని అమ్మ చేతిలో చెయ్యేసి ఒట్టేశానక్కా. ఇప్పుడు ఇది చెప్పేసింది, దీని బుద్ధి తగలెయ్య," అని కూతురి వైపు ఒక చూపు చూసింది.

"నా ఒక్కదానికేనా? నేనేం పాపం చేశాను? ఇల్లంతా కలిసి తడిగుడ్డ వేశారా నాకు?"

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. చెల్లెలు గుమ్మం పట్టుకుంది. చాలా మెల్లగా అన్నది:

"నువ్వు తెర వెనక చెయ్యి పెట్టి నిలబడ్డం అమ్మ చూసిందక్కా. 'దానికి వాడు వస్తన్నాడే. మనం చెప్తే రావటం మానేస్తాడు. చెప్పమాక' అంది."

గదిలో టకటకమని తలుపు లేచింది, చివర కీచుమంది. ఆ పిల్ల ఆడుతూనే ఉంది.

"చివరికి పైకెక్కాడా?" అన్నాను.

"అక్కా, అడగమాక."

"'ఇంక అక్కర్లేదులే' అన్నది కదే! ఎక్కాడనా? పడిపోయాడనా?"

"నోటితో చెప్పనంటే చెప్పను," అని చెల్లెలు లోపలికి వెళ్ళి మాడుతున్న తాలింపు కింద స్టవ్ ఆపింది. దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందో, ఘాటుకు తుమ్ము ఆపుకుంటోందో వెనక నుంచి నాకు తెలియలేదు.

"మీరే ఆడి చూడండి పెద్దమ్మా, పైనేముందో తెలుసుద్ది," అని ఆ పిల్ల ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. కాగడా మనిషి ఉన్నాడు. రంగుల్లో ఉన్నాడు. కాగడాకు పసుపుపచ్చటి మంట ఉంది. నేను చూస్తుండగానే అతడు కాగడా దించి, ముఖం తిప్పి, నా వైపు చూశాడు. నేను పైట సర్దుకున్నాను. కానీ ఇతడు మా మనిషి కాదు. ఇతడు ఇప్పుడే మొదటి గదిలో కళ్ళు తెరిచినవాడు. మా అన్నయ్య ఇతణ్ణి ఎక్కడా ఆపలేదు, ఇతడు పడిపోయినందుకు మా అమ్మ ఎప్పుడూ తల తడుపుకోలేదు. ఆ యంత్రానికి ఏ వాసనా లేదు. ఎవరికీ తుమ్ము రాలేదు.

మా మనిషి ఏ పాత సామాన్ల గోడౌనులో ఏ రేకుల కింద ఆగిపోయాడో, లేక అంతకు ముందే వెలుగులోకి వెళ్ళిపోయాడో, తెలిసినది లోకంలో ఒక్క మనిషికే.

కనుక, చెల్లీ, ఈ కింది విషయం మీద నీ నుంచి లిఖితపూర్వకమైన సమాధానం కోరుతున్నాను.

నీవు అమ్మ చేతిలో చెయ్యి వేసి నోరు విప్పి చెప్పనని ఒట్టు వేశావు. నీ మాటల ప్రకారమే ఒట్టు అంతవరకే. రాసి ఇవ్వనని నీవు వేయలేదు, అమ్మ అడగలేదు. నన్ను కాపాడడానికి అమ్మ ఆ ఒట్టు వేయించుకుంది. కాపాడవలసినది ఇప్పుడు ఏమీ మిగలలేదు. అందువల్ల నీకు అభ్యంతరం ఉండడానికి ఆధారం కనిపించదు.

ఆ కంప్యూటరు ముందు అమ్మ ఆఖరిసారి కూర్చున్న మధ్యాహ్నం కాగడా మనిషి ఎక్కడ ఉన్నాడు? ఆకాశం చూశాడా? చూసి ఉంటే, అది పగలా, రాత్రా, నక్షత్రాలు ఉన్నాయా, ఆ నలుపు తెలుపు తెర మీద ఎలా కనిపించింది? అమ్మ ఏమన్నది? పడిపోయి ఉంటే, అది కూడా దాచకుండా రాయి. ఆ తరువాత అమ్మ తలస్నానం చేసి వచ్చి మళ్ళీ కూర్చుందా, కూర్చోలేదా, రాయి. మర్నాటి ఉదయం వాకిట్లో ముగ్గు మూసి ఉందా, తెరిచి ఉందా, అది తప్పక రాయి.

సమాధానం వచ్చే ఆషాఢ బహుళ తదియ లోపు నాకు అందాలి. ఆ రోజు అన్నయ్య ఆకు దగ్గర, పునుగులు వడ్డించాక, దాన్ని పైకి చదవాలి. ఎక్కిస్తానని మాట ఇచ్చి వెళ్ళినవాడు అతడు. ఆ పని ఏమైందో ఇన్నేళ్ళుగా అతనికి ఎవరూ చెప్పలేదు.